జన్యువులు మారవు కదా, మరి నెల తిరిగేసరికి పాల ఫ్యాట్ ఎందుకు పడిపోతుంది?

ఎర్రావు_రైతు
అందరికీ నమస్కారం. నా దగ్గర ఒకే ఆబోతుకు పుట్టిన ఆవులు కొన్ని ఉన్నాయి. అన్నీ రెండో ఈతవే, తినేదీ ఒకే మేత. అయినా ఒకదాని పాలలో ఫ్యాట్ 4.4 శాతం ఉంటే పక్కదానికి 3.3 దాటదు. సరే, తల్లులు వేరు కాబట్టి ఆ తేడా అనుకుందాం. నాకు అంతుబట్టనిది ఇంకొకటి. ఆ 4.4 ఇచ్చే ఆవే పోయిన నెల నుంచి 3.5కి దిగింది. పాలు తగ్గలేదు, ఆవు హుషారుగానే ఉంది. జన్యువులు పుట్టుకతో వచ్చినవి, చచ్చేదాకా అవే కదా? మరి ఈ మార్పు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ మధ్య ‘జన్యు నియంత్రణ’ అన్న మాట తరచుగా వినపడుతోంది. దానికీ నా ఫ్యాట్‌కీ ఏమన్నా సంబంధం ఉందా? జీన్ టెస్ట్ చేయిస్తే తేలుతుందా?

జాతిముఖ్యం
ఫ్యాట్ అంటే జాతి, అంతే. జెర్సీకి 5 దగ్గర, హోల్‌స్టీన్‌కి 4కి కాస్త అటూ ఇటూ. మంచి ఆబోతును ఎంచుకోండి, మిగతా టెన్షన్ వదిలేయండి. నెలనెలా మారేది మిషన్ చూపించే తేడా అయ్యుంటుంది.

మేతలెక్కలు
@జాతిముఖ్యం జాతి మాట కాదనను. కానీ ఆయన అడిగింది రెండు జాతుల సంగతి కాదండీ, ఒకే ఆవు సంగతి.

@ఎర్రావు_రైతు ముందు శాంపిల్ ఎలా తీశారో చెప్పండి. మొదటి ధారల్లో ఫ్యాట్ చాలా తక్కువ, చివరి ధారల్లో చాలా ఎక్కువ ఉంటుంది. పూట మొత్తం పిండి, కలియబెట్టి తీసిన శాంపిల్ కాకపోతే ఆ అంకెకు విలువ లేదు. అది సరిగ్గానే ఉంటే రెండో ప్రశ్న: ఆ సమయంలో దాణాలో ఏం మార్చారు? మిగతా ఆవుల ఫ్యాట్ కూడా దిగిందా?

పశువైద్యం
నాదీ ఒక ప్రశ్న. ఈని ఎన్నాళ్ళయింది? ఈనిన తొలి వారాల్లో ఆవు తిన్నదానికంటే ఎక్కువ పాలలో పోస్తుంది, ఒంటి కొవ్వు కరిగి పాలలోకి వస్తుంది. అప్పుడు కనిపించే 4.4 ఘనత కాదు, ఒక్కోసారి, ఒంటి కొవ్వు అతిగా కరగడం వల్ల వచ్చే జబ్బయిన కీటోసిస్‌కు ముందు సూచన. ఫ్యాట్‌ను ప్రొటీన్‌తో భాగిస్తే 1.4 దాటుతోందా చూడండి.

ఎర్రావు_రైతు
శాంపిల్ పూట మొత్తం పిండి, కలిపి తీసిందే. ఈని నాలుగో నెల నడుస్తోంది డాక్టరుగారూ, 4.4 వచ్చింది మూడో నెలలో. మేత సంగతంటారా, పచ్చిగడ్డి అయిపోవడంతో మొక్కజొన్న పిండి పెంచాను, నూనె తీయని సోయా గింజలు కూడా కలుపుతున్నాను. బలం వస్తుందని. మిగతా ఆవులవీ కాస్త దిగాయి, దీనిది మరీ ఎక్కువ దిగింది. దీని పాలలో ప్రొటీన్ మాత్రం పెద్దగా మారలేదు.

మేతలెక్కలు
దొరికింది. పాలు తగ్గలేదు, ప్రొటీన్ పెద్దగా కదల్లేదు, ఫ్యాట్ ఒక్కటే జారింది. మేత వల్ల వెన్న పడిపోయినప్పుడు కనిపించే లక్షణాలు అచ్చం ఇవే. ఇందులో జన్యు నియంత్రణ కూడా ఉంది, అంటే ఏ జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేయాలన్న అదుపు. కాస్త ఓపిగ్గా చదవండి.

పాల కొవ్వులో దాదాపు సగం పొదుగు సొంతంగా తయారుచేసుకుంటుంది. పెద్ద పొట్టలో పీచు పులిసినప్పుడు వచ్చే ఎసిటేట్, బ్యుటిరేట్ దానికి ముడిసరుకు. మిగతా సగం రక్తంలో తయారుగా వచ్చిన కొవ్వు ఆమ్లాలు. చాలాకాలం పాటు ‘పీచు తగ్గింది, ఎసిటేట్ తగ్గింది, అందుకే ఫ్యాట్ తగ్గింది’ అని చెప్పుకునేవారు. లెక్క కట్టి చూస్తే ముడిసరుకు కొరత అంత పెద్ద పతనానికి సరిపోదు.

అసలు జరిగేది ఇది. గింజల్లోని లినోలియిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లానికి పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు హైడ్రోజన్ ఎక్కించి వేరే కొవ్వులుగా మారుస్తాయి. పొట్టలో పులుపు పెరిగినప్పుడు, పీచు తగ్గినప్పుడు ఆ మార్పిడి పక్కదారి పడుతుంది. ఆ దారిలో ‘ట్రాన్స్-10, సిస్-12 సీఎల్‌ఏ’ అనే కొవ్వు ఆమ్లం పుడుతుంది. అది రక్తంలో పొదుగుకు చేరి, కొవ్వు తయారీ జన్యువులన్నింటినీ నడిపించే ఎస్‌ఆర్‌ఈబీపీ1 అనే ప్రొటీన్ పనిని అణిచేస్తుంది. దాంతో కొవ్వు ఆమ్లాలు అల్లే ఎంజైములు, రక్తంలోంచి కొవ్వును లోపలికి లాగే ఎంజైము, అన్నిటి జన్యువులూ ఒకేసారి నెమ్మదిస్తాయి. ఎంత కావాలనుకుంటున్నారు? ఆ ఆమ్లాన్ని రోజుకు 10 గ్రాములు నేరుగా నాలుగో పొట్టలోకి ఎక్కించి చూసిన ప్రయోగంలో నాలుగైదు రోజుల్లోనే పాల కొవ్వు 40 శాతానికి పైగా పడిపోయింది. రోజూ కిలోల కొద్దీ మేత తినే జంతువుకు 10 గ్రాములు!

ఒక్కో ఆవు ఎంత వేగంగా తింటుంది, పిండిని ఏరుకుని తిని గడ్డి వదిలేస్తుందా, దాని పొట్టలో ఏ సూక్ష్మజీవులు ఉన్నాయి అన్నదాన్ని బట్టి దెబ్బ మారుతుంది. మీ 4.4 ఆవుకు ఎక్కువ తగలడంలో వింత లేదు.

జాతిముఖ్యం
అయితే జన్యువులు పనికిరానివంటారా?

ఆర్‌ఎన్‌ఏ_రాత్రులు
పనికిరావని ఎవరన్నారు సార్. జన్యువు ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. ఆవు చెవి కణంలో కూడా పాలలోని ముఖ్య ప్రొటీన్ అయిన కేసిన్ జన్యువులు నిక్షేపంగా ఉంటాయి, చెవి పాలివ్వదు కదా. పొదుగులో కూడా పెయ్యగా ఉన్నప్పుడు అవి దాదాపు మూగగానే ఉంటాయి. చూడి చివర్లో ప్రొజెస్టిరోన్ హార్మోను పడిపోయి, ప్రొలాక్టిన్ హార్మోను పెరిగాక అసలు పని మొదలవుతుంది. ప్రొలాక్టిన్ కణం పైనున్న గ్రాహకానికి అతుక్కోగానే లోపల జాక్2 అనే ఎంజైము స్టాట్5 అనే ప్రొటీన్‌ను చురుకు చేస్తుంది. స్టాట్5 కేంద్రకంలోకి వెళ్ళి కేసిన్ జన్యువుల ముందున్న డీఎన్‌ఏ భాగాల మీద కూర్చుంటుంది. అప్పుడు ఆ జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏ నకళ్ళు పుంఖానుపుంఖాలుగా వస్తాయి, వాటిని చదివి కణం ప్రొటీన్ తయారుచేస్తుంది. ప్రొలాక్టిన్ ఒక్కటీ చాలదు. పొదుగు కణజాలాన్ని గాజుపాత్రలో ఉంచి చూసినప్పుడు ఇన్సులిన్, కార్టిసాల్ తరహా హార్మోను కూడా తోడుంటేనే కేసిన్ దండిగా తయారైంది.

దీన్ని చాలామంది స్విచ్ అంటారు. పాలిచ్చే ఆవు విషయంలో ఫ్యాన్ రెగ్యులేటర్ అనడం నయం. ఏదీ పూర్తిగా ఆగదు, వేగం మారుతుంది. మేతలెక్కలు గారు చెప్పిన సీఎల్‌ఏ తిప్పేది ఆ రెగ్యులేటర్‌నే.

ఇంకో సంగతి. కొవ్వు విషయంలో నియంత్రణ ఎక్కువగా ఆర్‌ఎన్‌ఏ నకళ్ళు తీసే దశలో జరుగుతుంది. ప్రొటీన్ విషయంలో అంతకంటే తర్వాతి దశ ముఖ్యం, అంటే నకలు చదివి ప్రొటీన్ అల్లే దశ. కణంలో ఎంటార్ అనే వ్యవస్థ అమైనో ఆమ్లాలు చాలినన్ని ఉన్నాయా, ఇన్సులిన్ సంకేతం అందుతోందా అని చూసి ఆ అల్లకం వేగం నిర్ణయిస్తుంది. మేతలో లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలను సరిచేస్తే ప్రొటీన్ కొద్దిగా లేవడం వెనుక ముడిసరుకు ఒక్కటే కాక ఈ సంకేతం కూడా ఉంది. మేతతో ఫ్యాట్ కదిలినంతగా ప్రొటీన్ కదలదు, ఆ అనుభవం ఇక్కడ అందరికీ ఉండే ఉంటుంది.

డిగ్రీ_రెండో_ఏడు
ఆర్‌ఎన్‌ఏ గారూ, మాకు క్లాసులో మిథైలేషన్ చెప్పారు. డీఎన్‌ఏ అక్షరాలు మారకుండా దాని మీద మిథైల్ గుర్తులు పడితే జన్యువు మూగబోతుందని. ఆవుల్లో నిజంగా చూశారా, లేక ఎలుకల్లో చూసిందే ఆవుకు అంటగడుతున్నారా?

ఆర్‌ఎన్‌ఏ_రాత్రులు
ఆవుల్లోనే చూశారు. ఆల్ఫా-ఎస్1 కేసిన్ జన్యువుకు ముందు, దాదాపు 10 వేల అక్షరాల దూరంలో స్టాట్5 కూర్చునే చోటు ఒకటుంది. పాలిచ్చే ఆవు పొదుగులో అక్కడ మిథైల్ గుర్తులు తక్కువ, అంటే తలుపు తెరిచి ఉన్నట్టే. 2006లో వచ్చిన ఒక పరిశోధనలో ఆవు పొదుగులోకి ఈ.కోలై బాక్టీరియాను పంపి పొదుగువాపు తెప్పించారు. తీవ్రంగా వాచిన భాగంలో ఆ చోట మళ్ళీ గుర్తులు పడ్డాయి, కేసిన్ తయారీ చటుక్కున పడిపోయింది. పిండటం ఆపేసినప్పుడు కూడా అలాంటి మార్పే కనిపించిందని ఆ తర్వాత వేరే పరిశోధకులు చూపించారు.

పశువైద్యం
పొదుగువాపు మాట వచ్చింది కాబట్టి నా వంతు.

మందు వేశాం, వాపు పోయింది, పాలు మాత్రం పాత దారికి రాలేదు అని రైతులు అడుగుతారు. కొన్ని కణాలు చచ్చిపోతాయి, అది సగం కారణం. బతికిన కణాలు కూడా కొన్నాళ్ళ పాటు పాల పని తగ్గించి రోగంతో పోరాడే ప్రొటీన్ల జన్యువులను ముందుకు తెస్తాయి. పైకి వాపు లేకుండా లోలోపల నడిచే రకంలో ఇది ఇంకా మోసం. సొమాటిక్ సెల్ లెక్క, అంటే పాలలో కనిపించే ఒంటి కణాల సంఖ్య, మిల్లీలీటరుకు 2 లక్షలు దాటిందంటే ఆ పొదుగులో ఏదో జరుగుతోందని అనుమానించాలి. ఫ్యాట్ అంకె బాగానే ఉండొచ్చు. కానీ రక్తం నుంచి ప్లాస్మిన్ అనే ఎంజైము పాలలోకి చేరి తయారైన కేసిన్‌ను కూడా కొరికేస్తుంటుంది, మొత్తం ప్రొటీన్ అంకె చూస్తే అది తెలియదు.

ఇక పిండటం సంగతి. నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. ఆవు పొదుగులో కుడి సగాన్ని రోజుకు రెండుసార్లు, ఎడమ సగాన్ని నాలుగుసార్లు పిండారు, ఈనిన తొలి వారాల్లో మాత్రమే. ఆవు ఒకటే, డీఎన్‌ఏ ఒకటే, మేత ఒకటే, రెండు సగాలకూ పారే రక్తం ఒకటే, అందులోని హార్మోన్లూ అవే. అయినా ఎక్కువసార్లు పిండిన సగం ఎక్కువ పాలిచ్చింది. తర్వాత రెండు సగాలనూ రెండుసార్లే పిండినా ఆ తేడా కొంత నిలిచిపోయింది. ‘అంతా రక్తంలోనే ఉంది’ అనేవాళ్ళకు ఇదొక్కటీ చాలు. పొదుగు తనలో పాలు ఎంతసేపు నిలిచాయో గమనిస్తుంది, ఆ గుర్తు జన్యువుల పనితీరులో ఉండిపోతుంది.

జాతిముఖ్యం
ఆ ‘అనేవాళ్ళు’ నేనేనని అర్థమైంది 🙂 సరే, నాకూ ఒక జన్యువు తెలుసు. డీజీఏటీ1. దాంట్లో ఒక్క అక్షరం జంట మారితే 232వ స్థానంలో లైసిన్ బదులు అలనిన్ వస్తుంది. లైసిన్ రకం ఉన్న ఆవుకు ఫ్యాట్ ఎక్కువ. 2002లోనే తేల్చారు. దీనికి మేతా లేదు, మిథైలూ లేదు. పుట్టుకే.

ఆర్‌ఎన్‌ఏ_రాత్రులు
చాలా మంచి ఉదాహరణ తెచ్చారు. పాల ఫ్యాట్ మీద ఇంత గట్టి ప్రభావం చూపే ఒంటరి జన్యువు ఆవుల్లో ఇంకొకటి దొరకడం కష్టం. 14వ క్రోమోజోము మీద ఉంటుంది, పాల కొవ్వులో అత్యధిక భాగమైన ట్రైగ్లిసరైడ్ తయారీలో చివరి మెట్టు దానిదే. ఈ జన్యువును తీసేసిన ఎలుకలు పిల్లలకు పాలే ఇవ్వలేకపోయాయి. లైసిన్ రకం ఫ్యాట్‌ను పెంచుతుంది, పాల పరిమాణాన్ని కాస్త తగ్గిస్తుంది.

అయితే కథ 2002తో ఆగలేదు. ఎంజైము ఆకారం మారడం వల్లే తేడా వచ్చిందని అందరూ అనుకున్నారు. 2020లో న్యూజీలాండ్ ఆవుల మీద వచ్చిన పని ఇంకో సంగతి బయటపెట్టింది. ఆ మారిన అక్షరాలున్న చోటు, ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని కత్తిరించి అతికించే పనిని కూడా ప్రభావితం చేస్తుంది. లైసిన్ రకంలో ఆ అతుకు మెరుగ్గా పడుతుంది, పనికొచ్చే ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ తయారవుతుంది. అంటే మీరు ‘పుట్టుకే’ అన్నదాంట్లో కూడా నియంత్రణ దాక్కుని ఉంది.

ఇంకో ఉదాహరణ 5వ క్రోమోజోము మీది ఎంజీఎస్‌టీ1. ఫ్యాట్ శాతంతో దానికున్న సంబంధం ప్రొటీన్ మారడం వల్ల కాదు, పొదుగులో ఆ జన్యువు ఎంత పనిచేస్తుందన్న తేడా వల్ల. పాల లక్షణాలతో ముడిపడిన డీఎన్‌ఏ తేడాల్లో ఎక్కువ భాగం ఇలా జన్యువుల బయటే, వాటిని నడిపించే ప్రాంతాల్లోనే ఉన్నాయి. కాబట్టి పుట్టుక ఒక పక్క, నియంత్రణ ఇంకో పక్క అని గీత గీయడం కుదరదు సార్. కొంత నియంత్రణ వారసత్వంగా వస్తుంది, కొంత మేత, రోగం, ఎండ, పిండే తీరు తెచ్చిపెడతాయి.

గట్టిపెరుగు
నేను చీజ్ తయారుచేసే వైపు మనిషిని. మీరంతా ఫ్యాట్ చుట్టూనే తిరుగుతున్నారు, మాకు నాణ్యత అంటే పాలు ఎంత త్వరగా గట్టిపడతాయి, ఎంత గట్టిగా పడతాయి అనేది. ఒకే ఫ్యాట్, ఒకే ప్రొటీన్ ఉన్న రెండు డబ్బాల పాలు తొట్టెలో వేరువేరుగా ప్రవర్తిస్తాయి. కారణం కప్పా కేసిన్. పాలలో కేసిన్ చిన్న చిన్న గోళాలుగా తేలుతుంటుంది, వాటి పైపొర కప్పా కేసిన్. పాలను గడ్డకట్టించే రెన్నెట్ ఎంజైము కత్తిరించేది దాన్నే. కప్పాలో ‘ఏ’, ‘బీ’ అని రకాలున్నాయి. ‘బీ’ రకం కప్పా ఉన్న ఆవుల పాలలో కప్పా వాటా ఎక్కువ, గోళాలు చిన్నవి, గడ్డ త్వరగా, గట్టిగా పడుతుంది. ‘ఏ’ రకం కప్పా ఉన్న పాలలో అంత బిగువు రాదు.

ఇంకోటి బీటా-లాక్టోగ్లోబ్యులిన్. అది కేసిన్ కాదు, విరిగిన నీళ్ళలో పోయే ప్రొటీన్. ఇందులోనూ ‘ఏ’, ‘బీ’ రకాలున్నాయి. ‘ఏ’ రకం ఉన్న ఆవు దాన్ని ఎక్కువ తయారుచేస్తుంది, ‘బీ’ రకం ఉన్న ఆవు పాలలో కేసిన్ వాటా ఎక్కువ. మాకు బీ కావాలి.

ఆర్‌ఎన్‌ఏ_రాత్రులు
@గట్టిపెరుగు మీ రెండో ఉదాహరణ ఈ చర్చకు సరిగ్గా అతుకుతుంది. ‘ఏ’ రకం ఎక్కువ తయారవడానికి కారణం ప్రొటీన్‌లోని తేడా కాదని, జన్యువు ముందుభాగంలో, నియంత్రణ ప్రొటీన్లు వచ్చి అతుక్కునే చోట ఉన్న తేడాలని పరిశోధనలు చూపించాయి. ఒకే ఆవుకు తల్లి నుంచి ‘ఏ’, తండ్రి నుంచి ‘బీ’ వస్తే, ఒకే కణంలో ‘ఏ’ ప్రతి ఎక్కువ పనిచేస్తుంది. మేత, హార్మోను, వాతావరణం రెండు ప్రతులకూ ఒకటే కదా. నియంత్రణ డీఎన్‌ఏలోనే రాసి ఉందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

జాతిముఖ్యం
మరి ఏ2 పాలు? అదీ నియంత్రణేనా?

ఆర్‌ఎన్‌ఏ_రాత్రులు
కాదు. ఏ1, ఏ2 తేడా బీటా కేసిన్ ప్రొటీన్‌లోదే. 67వ స్థానంలో ఏ2కి ప్రొలిన్, ఏ1కి హిస్టిడిన్. ఏ2 ఆవు అయినంత మాత్రాన ఫ్యాట్ పెరగదు, చీజ్ మెరుగుపడదు. ఆరోగ్యం సంగతికొస్తే, ఏ1 పాలకూ గుండెజబ్బు, మధుమేహం లాంటి వాటికీ కారణ సంబంధం రుజువు కాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లో చెప్పింది.

జాతిముఖ్యం
అది కంపెనీలు చెప్పించిన మాట. మా అనుభవంలో

మోడరేటర్
ఏ1-ఏ2 ఆరోగ్య వాదనకు విడిగా పాత చర్చ ఉంది, తర్వాతి పదహారు పోస్టుల్ని అక్కడికి మార్చాను. ఇక్కడ పొదుగు సంగతే మాట్లాడుకుందాం.

డిగ్రీ_రెండో_ఏడు
ఒక సందేహం. పొదుగులో ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చూడాలంటే ప్రతిసారీ సూది గుచ్చి ముక్క తీయాల్సిందేనా? పాపం ఆవు. పైగా జన్యువును మనమే తగ్గించి పాలు మార్చిన సందర్భాలు ఉన్నాయా?

ఆర్‌ఎన్‌ఏ_రాత్రులు
సూది అక్కర్లేదు. కొవ్వు బిందువు కణంలోంచి బయటపడేటప్పుడు కణంలోని ద్రవాన్ని కాస్త అంటించుకుని వస్తుంది, అందులో ఆ కణం ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. కాబట్టి పాల మీగడలోంచే చదవొచ్చు. పాలు పిండిన వెంటనే చల్లబరచాలి, ఆర్‌ఎన్‌ఏ ఊరికే పాడైపోతుంది. రాత్రులు ల్యాబులో ఎందుకుంటానో ఇప్పుడు తెలిసిందా.

రెండోదానికి, 2012లో న్యూజీలాండ్‌లో ఆర్‌ఎన్‌ఏ అడ్డగింపు పద్ధతితో బీటా-లాక్టోగ్లోబ్యులిన్‌ను అణిచిన దూడను పుట్టించారు. హార్మోన్లతో పాలు తెప్పించి చూస్తే ఆ ప్రొటీన్ జాడే దొరకలేదు, కేసిన్లు మాత్రం రెట్టింపు దాటాయి. ఒకదాన్ని అణిస్తే కణం ఖాళీ అయిన చోటును వేరే ప్రొటీన్లతో నింపేసింది. అంతకుముందు 2003లో అక్కడే కేసిన్ జన్యువుల అదనపు ప్రతులు పెట్టిన ఆవుల్లో కప్పా కేసిన్ సుమారు రెట్టింపైంది. రెండూ ప్రయోగశాల దాటి రాలేదు.

పశువైద్యం
ఎండ గురించి ఎవరూ అనలేదు. వేసవిలో పాలు తగ్గడం ‘మేత తినక’ అని సరిపెట్టుకుంటాం. చల్లటి చోట ఉన్న ఆవుకు కూడా అంతే తక్కువ మేత పెట్టి పోల్చి చూస్తే, తగ్గుదలలో దాదాపు సగమే మేతది. మిగతాది ఎండ నేరుగా ఒంటి మీద, పొదుగు మీద చేసే పని. అంతకంటే నన్ను కలవరపెట్టేది, చూడి చివర్లో, వట్టిపోయిన కాలంలో ఎండకు మగ్గిన ఆవుకు పుట్టిన పెయ్య. అది పెరిగి తొలి ఈత ఈనినప్పుడు కూడా తక్కువ పాలిస్తుంది. అలాంటి పెయ్యల పొదుగులో మిథైల్ గుర్తుల తేడాలు కనిపించాయి. పాలివ్వడం లేదు కదా అని వట్టి ఆవును ఎండలో కట్టేసేవాళ్ళకు ఇది చెప్పండి. నీడా నీళ్ళూ ముందు దానికే కావాలి.

ఎర్రావు_రైతు
చాలా విషయాలు తెలిశాయి, అందరికీ థాంక్స్. ఇప్పుడు నేను చేయాల్సింది? జీన్ టెస్ట్ చేయించాలా వద్దా?

మేతలెక్కలు
3.5 కోసమైతే వద్దు. సోయా గింజలు ఆపండి లేదా బాగా తగ్గించండి. పిండిని ఒకేసారి కాక పూటపూటకు విడగొట్టి పెట్టండి. నమలాల్సినంత పొడవున్న గడ్డి ముందు వేసి, తర్వాతే దాణా. పడుకున్న ఆవుల్లో సగానికి పైగా నెమరు వేస్తున్నాయో లేదో ఒక కంట కనిపెట్టండి. ఫలితం రెండు మూడు రోజుల్లో రాదు, రెండు మూడు వారాలు పడుతుంది. మధ్యలో ఓపిక పోయి ఇంకేదో కలిపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

ఆర్‌ఎన్‌ఏ_రాత్రులు
4.4, 3.3 తేడా సంగతి వేరు. ఫ్యాట్ శాతంలో ఆవుకూ ఆవుకూ ఉన్న తేడాల్లో సుమారు సగం వారసత్వానిదే, పాల పరిమాణంలో అది మూడో వంతు దగ్గర. ఏ పెయ్యను ఉంచుకోవాలో తేల్చుకునేటప్పుడు టెస్ట్ పనికొస్తుంది. అప్పుడు కూడా డీజీఏటీ1 ఒక్కటే చూసే టెస్ట్ కాదు, జీనోమ్ అంతటా వేల గుర్తుల్ని కలిపి విలువ కట్టే టెస్ట్. అమెరికాలో హోల్‌స్టీన్, జెర్సీలకు 2009 నుంచి అధికారికంగా ఆ విలువలే ఇస్తున్నారు. ఏ జన్యువు, ఏ నియంత్రణ అని పేరుపేరునా తెలియకపోయినా, పక్కనున్న గుర్తు ద్వారా ఆ ప్రభావం లెక్కలోకి వచ్చేస్తుంది. ఆ అంకెలు మీ జాతి ఆవుల మీద కట్టినవో కాదో మాత్రం అడిగి తెలుసుకోండి. వేరే జాతి మీద కట్టిన లెక్క మీ పెయ్యలకు సరిగ్గా అతకదు.

జాతిముఖ్యం
చూశారా, చివరికి మంచి ఆబోతు దగ్గరికే వచ్చారు.

పశువైద్యం
వచ్చాం, సోయా సంచీ పక్కన పెట్టాక 🙂 ఎర్రావు గారూ, ఆ ఆవు నాలుగు చనుకట్ల పాలూ విడివిడిగా సెల్ లెక్కకు పంపండి. మేత ఒక్కటే కారణమని ఖాయం చేసుకునే ముందు అదొకటి మిగిలింది.